రెండో ప్రయాణం

ఆళ్ళగడ్డ నుండి నంద్యాలకు బస్సులో గంట ప్రయాణం. ఆ గంట దాటడానికి మా చిన్నమ్మకు ఐదు నెలలు పట్టింది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్షల శిబిరానికి వీధిలోని ఆడవాళ్ళందరితో పాటు ఆమె కూడా వెళ్ళింది. తెల్లమచ్చ కనబడిందనీ, నంద్యాలలో మరొక పరీక్ష చేయించుకోమనీ చీటీ వ్రాసి ఇచ్చారు. అది దేవుని పటం వెనుకకు చేరింది.

నిర్లక్ష్యమనుకుని కోప్పడ్డాను. కూలి పోతుందన్నది, తోడెవరూ లేరన్నది. ఒక రాత్రి మాత్రం నెమ్మదిగా అసలు మాట చెప్పింది: "నాకేం నొప్పి లేదు గదమ్మా. పోతే గర్భసంచి తీసేస్తారంట!"

ఆ భయం ఉత్తది కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారి శాతం దేశంలోకెల్లా మన ఆంధ్రలోనే ఎక్కువ. నూటికి దాదాపు తొమ్మిది మంది. ఆమె ఎరిగిన ఆసుపత్రి అదే.

పలుచని వెనిగరు ద్రావణం పూస్తే మార్పు చెందిన చోటు తెల్లబడుతుంది. తెల్లబడినంత మాత్రాన అది క్యాన్సరు కాదు. ఆ మార్పు క్యాన్సరు కావడానికి సాధారణంగా పది, పదిహేనేళ్ళు పడుతుంది. ఈలోగా ఆ కాస్త భాగాన్ని అతిశీతలంతోనో, వేడితోనో మాడ్చివేయవచ్చు. చాలామందికి గర్భసంచి జోలికే పోనక్కరలేదు.

ఈ మాట చెప్పి వెంట తీసుకువెళ్ళాను. చిన్న చికిత్సతో సరిపోయింది. సాయంత్రం బస్సులో ఆ చీటీని మళ్ళీ చదివాను. తేదీ ఉంది, గది నంబరు ఉంది. "ఇది గర్భసంచి తీయడానికి కాదు" అన్న ఒక్క వాక్యం లేదు.