పడుట యను విద్య

గుంటూరు, ప్రకాశము సీమల నల్లరేగడి బయళ్లలో పుట్టిపెరిగినవానికి, శివరాత్రినాడు కోటప్పకొండ మెట్లెక్కుటయు, మోకు బిగించి తాడిచెట్టెక్కు గీతపనివానిని క్రిందనుండి చూచుటయు దప్ప, ఎక్కుటతో వేరు పరిచయ మంతగా నుండదు. ఒకటి భక్తి, ఒకటి భుక్తి. కేవలము వినోదమునకై, కప్పుక్రింద, రంగురంగుల పట్లు బిగించిన కట్టుడుగోడపై త్రాడు లేకయే ప్రాకు బౌల్డరింగు, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సున స్థానము సంపాదించుకొని, పత్తియు మిరపయు అమ్మిన సొమ్ముతో చదివి బెంగుళూరు, హైదరాబాదులలో కొలువు చేయుచున్న మన పిల్లలను సెలవునాళ్ల నాకర్షించుచుండగా, ఇంటికడ తల్లిదండ్రులు బెంగపడుట వింతగాదు.

బెంగ యుక్తమే, అయితే వారు భయపడునది ఎత్తునుగూర్చి. ఆ గోడ సాధారణముగా 15 అడుగులకు మించదు. త్రాడు కట్టుకొని యెక్కువాడు జారినచో త్రాడు వానిని నడుమనే నిలుపును. భువనగిరి ఏకశిలపై శిక్షణ నారంభించి, 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే ఎవరెస్టు శిఖరము నధిరోహించిన మాలావత్ పూర్ణ నేర్చినది ఆ త్రాటి విద్యయే. బౌల్డరింగున నట్లుగాదు. పట్టు జారినను, తానై విడిచినను, ప్రతి పతనమును నేలపైననే ముగియును. క్రింద పరుపున్నది గదా యని పత్తికుప్పపై దూకు బాలునివలె ధీమాపడువారే చీలమండ బెణికించుకొందురు.

మన యిండ్లలో "పడతావు, జాగ్రత్త!" అను హెచ్చరికయే కాని, "ఇట్లు పడుము" అను బోధ యెన్నడును లేదు. ఈ క్రీడకు మొదటి పాఠ మదియే. రెండు పాదములును సమముగా మోపి, మోకాళ్లు వంచి, ఆ వేగముననే కూలబడి, గడ్డము రొమ్మున కానించి, వీపుపైకి దొరలవలెను. చేతులు రొమ్మునకు హత్తుకొని యుండవలెను. వెనుకకు చేయి చాచుట దేహమునకు సహజమే, కాని ఒడలి బరువంతయు మణికట్టునను మోచేతను పడి యెముక విరుగుట కదియే హేతువు. కావున అడుగెత్తునుండి పడుట నభ్యసించినపిదపనే పైకి పోవలెను. పై పట్టు నందినంతనే దూకక, వీలైనంతవరకు పట్లవెంబడియే దిగవలెను.

జ్యోతిష్కుడు చెప్పెనని నీలమో పగడమో ధరించినవాడు గ్రహములను కొంతసేపు మన్నింపవేడి ఉంగరము తీసివేయుట మేలు. అది పట్టునకు తగుల్కొనినచో వ్రేలి చర్మమే ఊడివచ్చును. కండ కొలదినెలలలో బలియును గాని వ్రేళ్ల స్నాయువులు అంత త్వరగా బలియవు. కొత్తవాడు చిన్నపట్ల జోలికి తొందరపడరాదు. ఎక్కువాని క్రింద నిలిచి సెల్‌ఫోనులో చిత్రము తీయు మిత్రుని సంగతి చెప్పనే యక్కరలేదు.

మీ పిల్లవాడు ఇట్టి చోట చేరినచో, మొదటినాడు పడుట నేర్పిరా యని యడుగుడు. నేర్పలేదనినచో, రుసుము వాపసు గోరుడని చెప్పుడు.