పోపులపెట్టె పక్కన ఇంకో డబ్బా

బుచ్చిరెడ్డిపాలెంలో ముసురు పట్టిందంటే ఇంటింటా దగ్గే. అందుకే మందులడబ్బా ఒకటి మొదలుపెట్టా. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు సమానంగా దంచి జల్లించిన త్రికటు చూర్ణం, వాము, అతిమధురం, కరక్కాయ. కరక్కాయ పెచ్చు బుగ్గన పెట్టుకుంటే ముందు వగరుకి నాలుక మొద్దుబారుతుంది, ఆ తర్వాతే గొంతు గరగర తగ్గేది. పొట్లాల మీద పేరూ, కొన్న నెలా రాశా. శొంఠికి ఇట్టే పురుగు పడుతుంది మరి. జ్వరమొస్తే మాత్రం డాక్టరు దగ్గరికే.

వసకొమ్ము పెట్టలేదు. పసిబిడ్డలకు అరగదీసి నాకించేది అదే కదా అని మా అత్త అలిగింది. అందులోని బీటా అసరోన్ ఎలుకల్లో కణుతులు తెప్పించిందని అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో వాడొద్దంది.

"మీరంతా అది నాకే గదా పెరిగింది?" అంటోంది అత్త.