అజెరాత్ రంగులు

నవంబరు 14, 2024, గురువారం

వార్‌క్రాఫ్ట్ ముప్పై ఏళ్ల పండుగ ప్రసారం నిన్న రాత్రి మనకు పదకొండున్నరకు మొదలైంది. అంతా చూసే పడుకున్నా. అజెరాత్ అనే లోకంలో నడిచే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఇకమీదట ఆటగాళ్లకు సొంత ఇళ్లుంటాయట. మిడ్‌నైట్ అనే రాబోయే ఎక్స్‌పాన్షన్‌తో ఇస్తారట. కుర్చీ ఎక్కడ వేసుకోవాలో, గోడకు ఏం తగిలించుకోవాలో మనిష్టం.

పొద్దున ఆఫీసులో ఇదే చర్చ. "యుద్ధాల గేమ్ కాస్తా బొమ్మరిల్లు అయిపోయిందన్నా" అన్నాడు మా యానిమేషన్ కుర్రాడు. వాడి బాధ ఉత్తుత్తిది కాదు. రంగులు మరీ వెలిగిపోతున్నాయట, భయంకరంగా ఉండాల్సినవి కూడా ముద్దొస్తున్నాయట, ఎవరికీ ఎవరిమీదా పగే లేదట. ఆ మాటల్లో రెండు సంగతులు కలగలిసిపోయాయి. బొమ్మ వేసే తీరు ఒకటి, కథ చెప్పే గొంతు ఇంకొకటి. ఇరవై ఏళ్లలో ఈ రెండూ వేర్వేరు దారుల్లో నడిచాయి. తీరిగ్గా రాసుకోవాలి. మా స్టూడియోకు కొత్తగా వచ్చిన పని కూడా ఇలాంటిదే మరి. చాలా ఏళ్లుగా నడుస్తున్న ఒక ఆన్‌లైన్ గేమ్‌కు బొమ్మలన్నీ మార్చి ఇవ్వాలి. టెక్స్చర్ల బాధ్యత నాది.

నవంబరు 17, ఆదివారం

2004 నవంబరులో రెండు పెద్ద ఫాంటసీ గేమ్‌లు రెండు వారాల తేడాతో వచ్చాయి. 8న ఎవర్‌క్వెస్ట్ 2, 23న వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. మొదటిది అచ్చం నిజంలా కనిపించాలని తాపత్రయపడింది. లోహం లోహంలా మెరవాలి, చర్మం చర్మంలా ఉండాలి. ఆనాటి కంప్యూటర్లు దాని బరువు మోయడానికే ఆపసోపాలు పడ్డాయి. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ ముఖాలు మైనపు ముద్దల్లా కనిపించసాగాయి. నిజాన్ని పట్టుకోవాలని చూసిన బొమ్మ, సాంకేతికత ఒక మెట్టెక్కగానే పాతబడుతుంది.

వార్‌క్రాఫ్ట్ వాళ్లు చేత్తో రంగు వేశారు. ఎల్విన్ అడవిలో ఏదో ఒక ఇంటి దూలం దగ్గరికెళ్లి చూస్తే సంగతి తెలుస్తుంది. కలపలో చీలికలు నిజంగా లోతున్నవి కావు, చదునైన పలక మీద గీసినవి. చీలికకు ఒక అంచున లేత పసుపు గీత, రెండో అంచున ముదురు నీడ. వెలుగు ఇంజన్ ఇచ్చింది కాదు, రంగులోనే కలిపేసింది. అందుకే అంత చిన్న టెక్స్చర్ ఇరవై ఏళ్ల తర్వాత కూడా కంటికి ఆనుతోంది. పని నేర్చుకునే పిల్లలకు నేను ముందు ఈ దూలాన్నే చూపిస్తాను.

ఇక ఆ భుజాలు! తలకాయంత భుజకవచాలు, గుమ్మడికాయంత పిడికిళ్లు, తలుపు చెక్కంత కత్తులు. ఆర్టిస్టు సామ్‌వైజ్ డిడియర్ వేసిన దారి అది. వార్‌క్రాఫ్ట్ 3లో కెమెరా పైనుంచి చూస్తుంది కాబట్టి, అంగుళమంత బొమ్మ ఎవరిదో చప్పున తెలియాలి. ఆ అవసరమే తర్వాత అందంగా స్థిరపడింది. 2014లో వార్లార్డ్స్ ఆఫ్ డ్రేనార్ అనే ఎక్స్‌పాన్షన్‌కు ముందు పాత్రల రూపాలన్నీ కొత్తగా చెక్కినప్పుడూ, 2018లో ఓర్కులకు వంగిన నడుము నిటారుగా నిలబెట్టుకునే వీలు ఇచ్చినప్పుడూ ఈ కొలతలు పోలేదు. వేళ్లు విడివిడిగా కదిలాయి, కనుబొమలు కదిలాయి, చెయ్యి మాత్రం అదే చెయ్యి.

ఏళ్ల తరబడి తమదనుకున్న ముఖం ఒక్క ప్యాచ్‌తో ఇంకొకరిదైపోయిందని అప్పట్లో బాధపడ్డవాళ్లున్నారు. వాళ్ల మాటలో న్యాయముంది. పాత రూపమే ఉంచుకునే వీలు సెట్టింగుల్లో ఇచ్చారప్పుడు. చిన్న సంగతే కానీ గౌరవమైన పని.

నవంబరు 22, శుక్రవారం

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఇరవయ్యో వార్షికోత్సవానికి క్లాసిక్ (అంటే గేమ్ పాత వెర్షన్) కొత్త సర్వర్లు తెల్లవారుజామున తెరిచారు. మనిషి పాత్రతో మొదలుపెట్టా. ఇండియాలో సర్వర్ లేదు కాబట్టి పింగ్ ఎక్కువే, అయినా సరే. నార్త్‌షైర్‌లో ఇసకేస్తే రాలనంత జనం.

ఈ క్లాసిక్ అనేది ఊరికే రాలేదు. 2010 అక్టోబరులో గేమ్‌కు 1.2 కోట్ల మంది చందాదారులున్నారు. ఆ వైభవంలోనే, డిసెంబరులో, కేటక్లిజం అనే ఎక్స్‌పాన్షన్ వచ్చింది. డెత్‌వింగ్ అనే మహా నాగం నేలను చీల్చుకుని లేచిందని కథ. ఆ కథ మాటున రెండు పాత ఖండాలను దాదాపు మొత్తంగా తిరగ గీశారు. వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. మొదటి రోజుల్లో కట్టిన ప్రాంతాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, క్వెస్ట్‌లు చెల్లాచెదురుగా ఉన్నాయి, ఆటగాళ్లను పైన ఎగరనిస్తే కొండల వెనక ఖాళీలు బయటపడతాయి. మెరుగుపరచాలనుకోవడం తప్పేం కాదు. కానీ పాతది ఎక్కడా మిగలలేదు. పుస్తకం కొత్తగా అచ్చేస్తే పాత ముద్రణ ఎవరో ఒకరి బీరువాలో ఉంటుంది. ఆన్‌లైన్ గేమ్ కంపెనీ సర్వర్‌లోనే బతుకుతుంది కాబట్టి అక్కడ మారితే అందరికీ మారినట్టే.

నోస్టాల్రియస్ అని అభిమానులు అనుమతి లేకుండా నడుపుకున్న పాత గేమ్ సర్వర్ 2016 ఏప్రిల్‌లో, గేమ్ తయారుచేసిన కంపెనీ లాయర్ల నోటీసుతో మూతపడింది. రెండు లక్షలకు పైగా సంతకాలతో అర్జీ వెళ్లింది. 2017లో ఆ కంపెనీ జరిపే బ్లిజ్‌కాన్ సభలో క్లాసిక్ ప్రకటన, 2019 ఆగస్టులో విడుదల. 2006 నాటి 1.12 వెర్షన్ సమాచారాన్ని ఈనాటి ఇంజన్ మీద నడిచేలా మలిచారు. జనం అడిగితే కంపెనీ వెనక్కి నడిచి పాత లోకాన్ని తెచ్చిచ్చిందంటే, ఈ రంగంలో నాకు తెలిసిన గొప్ప సంఘటనల్లో ఇదొకటి.

డిసెంబరు 8, ఆదివారం

క్లాసిక్‌లో థౌజండ్ నీడిల్స్ చేరుకున్నా. ఎండిపోయిన లోయ, ఆకాశానికి లేచిన రాతి స్తంభాలు, వాటి మధ్య తాళ్ల వంతెనలు. ఆగ్నేయాన తెల్లటి ఉప్పు మైదానం, అందులో గోబ్లిన్లు, నోమ్‌లు అనే జాతులవాళ్లు రేసు బళ్లు నడుపుకునే చోటు. నడిచి నడిచి విసుగొస్తుంది. ఆ విసుగులోనే లోయ ఎంత పెద్దదో ఒంటికి తెలుస్తుంది.

సాయంత్రం ఈనాటి గేమ్‌లో అదే చోటికి వెళ్లా. లోయ నిండా నీళ్లు. రేసు మైదానం అడుగున మునిగిపోయింది, పైన పెద్ద బార్జ్ మీద గోబ్లిన్ల, నోమ్‌ల సందడి. చూడ్డానికి ఇదీ బాగుంది, నీటి మీద స్తంభాల నీడలు మరీ బాగున్నాయి. రెండూ ఒకే రోజు చూడగలిగాను కాబట్టే ఇది బాగుందని మనస్ఫూర్తిగా అనగలుగుతున్నా. 2011లో ఈ నీళ్లను చూసి కడుపు మండినవాళ్ల ముందు ఉన్నది ఈ ఒక్క బొమ్మే.

డిసెంబరు 14, శనివారం

నిన్నటితో గాగ్ అనే దుకాణంలో 1994 నాటి మొదటి వార్‌క్రాఫ్ట్, దాని రెండో భాగం అమ్మకం ఆగిపోయింది. ముందే కొన్నవాళ్లకు మాత్రం వాటిని అందుబాటులో ఉంచుతామని ఆ దుకాణం మాటిచ్చింది. ఆ రెంటికీ పోయిన నెలలో వచ్చిన రీమాస్టర్లలో ఒక మీట నొక్కితే పాత బొమ్మలు, మళ్లీ నొక్కితే కొత్తవి. ఆ వీలు నాకు బాగా నచ్చింది.

పాత గేమ్ కొన్నవాళ్ల దగ్గర అలాగే మిగిలే అదృష్టం వార్‌క్రాఫ్ట్ 3కి దక్కలేదు. 2020 జనవరిలో రీఫోర్జ్‌డ్ అనే దాని కొత్త రూపం వచ్చినప్పుడు, 2002 నాటి గేమ్ కొనుక్కున్నవాళ్ల గేమ్ ప్రోగ్రామ్ కూడా కొత్తదిగా మారిపోయింది. కొత్తది కొనమని ఎవరినైనా అడగొచ్చు. ఉన్నదాన్ని మార్చేయడం వేరే పని.

జనవరి 5, 2025, ఆదివారం

ఇక కథ చెప్పే గొంతు సంగతి. కుర్రాడికి ఇవాళ డ్రాగన్‌ఫ్లైట్‌లో ఒక క్వెస్ట్ చూపించా. 2022లో వచ్చిన ఈ ఎక్స్‌పాన్షన్‌నే చాలామంది మరీ మెత్తబడిందని అంటారు. టస్కార్ అనే జాతివాళ్లతో కలిసి పెద్ద గుండిగలో సూప్ వండడం, రంగురంగుల డ్రాగన్ల మీద ఎగరడం, అంతా ఆహ్లాదం. ఆ మధ్యలోనే వెరిటిస్ట్రాజ్ అనే ముసలి ఎర్ర డ్రాగన్ మనిషి రూపంలో ఒకచోట కూర్చుని ఉంటాడు. కాసేపు పక్కన కూర్చోమంటాడు. కత్తి తీసేది లేదు, తెచ్చి ఇచ్చేది లేదు. పోగొట్టుకున్నవాళ్ల గురించి, చేసిన యుద్ధాల గురించి ఆయన చెబుతుంటే వినడమే పని. కుర్రాడు మౌస్ వదిలేసి విన్నాడు.

2008 నాటి రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్‌లో డెత్ నైట్‌గా మొదలుపెడితే, బందీగా ఉన్న ఒకప్పటి స్నేహితుణ్ణి మన చేత్తోనే చంపిస్తుంది గేమ్. అది చీకటి, ఇది వెలుగు. బరువు రెండింటికీ ఉంది. నేను ఒప్పుకోనిది ఇంకోటి: బాధను చూపించిన వెంటనే నలుగురు పాత్రలు చుట్టూ చేరి దాన్ని వివరించి, ఓదార్చి, సర్దేయడం. ఈమధ్య కథల్లో అది ఎక్కువైంది. అక్కడ కుర్రాడి ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు నిజం.

జనవరి 26, ఆదివారం

క్లాసిక్‌లో ఈస్టర్న్ ప్లేగ్‌లాండ్స్‌కు వచ్చా. మట్టిరంగు ఆకాశం, చెట్లంత పుట్టగొడుగులు. డారోషైర్ అనే పాడుబడ్డ ఊళ్లో పమేలా అనే పిల్ల ఆత్మ ఒక ఇంట్లో ఉంటుంది. చచ్చిపోయానని ఆ పిల్లకు తెలియదు. నా బొమ్మ పోయింది, వెతికి పెట్టవా అని అడుగుతుంది. బొమ్మ తల ఒక ఇంట్లో, ఎడమ భాగం ఒక ఇంట్లో, కుడి భాగం మరో ఇంట్లో. ఆ ఇళ్లలో ఊరివాళ్ల ఆత్మలే మీద పడతాయి. మూడు ముక్కలూ కలిపి తెచ్చిస్తే సంతోషపడి, మా నాన్న ఎప్పుడొస్తాడని అడుగుతుంది. ఆ నాన్న జోసెఫ్ ఆ ఊరి కోసమే పోరాడి చనిపోయి, శత్రువు చేతిలో పడ్డాడు. ఆయన్ని విడిపించి కూతురి దగ్గరికి చేర్చే క్వెస్ట్‌ల వరస చాలా పొడుగు.

వీడియో లేదు, నటుల గొంతులు లేవు. నాలుగు వాక్యాల రాత, ముక్కలైన బొమ్మ. ఎవరూ వివరించరు.

కేటక్లిజం తర్వాత పక్కనున్న వెస్టర్న్ ప్లేగ్‌లాండ్స్‌లో పచ్చదనం తిరిగొచ్చింది. భూమి కోలుకోవడం న్యాయమే, కథకూ కాలం నడవాలి. ఇవాళ నేను రెండు నేలలూ చూడగలుగుతున్నాను, అదే నాకు కావలసింది.

ఫిబ్రవరి 2, ఆదివారం

కొత్త పనికి రేపు క్లయింటుకు పంపాల్సిన నోట్ పూర్తిచేశా. రంగుల పట్టిక, కొత్త టెక్స్చర్ల కొలతలు, గడువులు అన్నీ ఉన్నాయి. వాటన్నిటికంటే ముందు ఒక విన్నపం పెట్టా: మా చేతికి పని ఇచ్చేముందు ఇప్పుడు నడుస్తున్న వెర్షన్‌ను సర్వర్ కోడ్‌తో సహా ఆడుకోగలిగే స్థితిలో భద్రపరచండి, పాత టెక్స్చర్ల అసలు ఫైళ్లు ఒక్కటి కూడా తీసేయకండి, కోరుకున్న ఆటగాడికి పాత లోకాన్ని తెరిచి ఉంచండి. ఆ తర్వాత మీరు ఏ రంగు వేయమన్నా ప్రాణం పెట్టి వేస్తాం.