గూడు చల్లారకూడదు



మేము భార్యాభర్తలము ఇద్దరమూ శ్రీసిటీలో పని చేస్తున్నాము. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పల్లెల నడుమ 2008లో మొదలైన ఈ పారిశ్రామిక నగరం మావంటి ఎన్నో కుటుంబాలకు జీతం చూపించింది. మాలో ఒకరిది ఉదయం షిఫ్టు, ఒకరిది రాత్రి షిఫ్టు. తొమ్మిదేళ్ళ మా పాపకు ఎప్పుడూ ఎవరో ఒకరం తోడుంటామని కోరి అలా వేయించుకొన్నాము. ఆ ఏర్పాటు చాలా బాగుందని నలుగురికీ చెప్పుకొనేవాళ్ళము కూడా.

పక్కింటివారు చెన్నైకి మారిపోతూ ఒక పంజరాన్ని మా పాప చేతిలో పెట్టి వెళ్ళారు. అందులో జీబ్రా ఫించ్ జంట ఉంది. ఇవి మన దేశపు పిట్టలు కావు, ఆస్ట్రేలియావి. పిడికిట్లో ఇమిడిపోయేంత చిన్నవి. మగదానికి ముక్కు ఎర్రగా, బుగ్గలు నారింజ రంగులో ఉంటాయి. మన వరిచేలల్లో గుంపులుగా వాలే జీనువాయిలు వీటికి దూరపు చుట్టాలు. అయితే మన అడవి పిట్టలను పట్టి పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని పిల్లలకు చెప్పడం మరువవద్దు.

కొర్రలు, సామలు వేశాము. గుడ్డు పెంకు గట్టిపడటానికి సున్నం కావాలి గనుక సముద్రపు నురుగు ముక్క ఒకటి కట్టాము. కొబ్బరి పీచు ఇచ్చాము. నెల తిరగక ముందే గూట్లో తెల్లని గుడ్డు కనబడింది. రోజుకొకటి చొప్పున అయిదు పెట్టింది. ఒక్కొక్కటి చిక్కుడు గింజంత. అన్నీ దాదాపు పూర్తయ్యాకనే పిట్టలు గట్టిగా పొదగడం మొదలుపెట్టాయి. అలాగైతేనే పిల్లలన్నీ ఇంచుమించు ఒకేసారి బయటికి వస్తాయి. పన్నెండు నుండి పద్నాలుగు రోజులు పడుతుంది.

మాకు ఆత్రం ఎక్కువ. సాయంత్రం కాగానే గుడ్లు బయటికి తీసి టార్చిలైటు ముందు పట్టి చూసేవాళ్ళము. అయిదో రోజున లోపల ఎర్రని దారపు పోగులవంటి నరాలు కనబడ్డాయి. వచ్చిన చుట్టాలకంతా చూపించాము. గోరు తగిలి ఒక గుడ్డు చిట్లింది. తొమ్మిదో రోజున పిట్టలు గూడు విడిచిపెట్టేశాయి. గుడ్లన్నీ మురిగిపోయాయి. పక్షిగూడు కనబడితే ఎలా నడుచుకోవాలో ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో చదివినవాళ్ళమే, ఇంట్లో గూటికి మాత్రం ఆ మాట గుర్తు రాలేదు.

రెండో ఈత మే నెలలో వచ్చింది. మా వైపు ఎండలు మీకు తెలియనివి కావు. ఆ ఎండలో ఈ పిట్టలు గుడ్లతో మాట్లాడతాయట! ఆస్ట్రేలియాలో శాస్త్రజ్ఞులు కనిపెట్టి 2016లో ప్రకటించిన సంగతి ఇది. గాలిలో వేడి 26 డిగ్రీలు దాటితే, పొదుగుడు చివరి అయిదు రోజుల్లో తల్లిదండ్రులు గుడ్లవైపు ఒక ప్రత్యేకమైన కూత కూస్తాయి. పెంకులోనే ఆ కూత విన్న పిల్లలు, వేడిలో పెరిగేటప్పుడు కొంచెం చిన్నవిగా పెరిగి ఆ ఎండకు తట్టుకొంటాయి. కళ్ళు తెరవని పిల్లకు సైతం బయట కాలం ఎలా ఉందో ముందే చెప్పుకొంటున్నాయన్న మాట.

పదమూడో రోజు సాయంత్రం ఒక గుడ్డుకు చిన్న పగులు కనబడింది. లోపల నుండి సన్నగా కీచుమని శబ్దం. రాత్రి పది అయినా పగులు పెద్దది కాలేదు. జాలి వేసింది. గుండుసూదితో పెంకు కొంచెం కొంచెంగా ఒలిచాము. మూడో పెచ్చుకు నెత్తురు వచ్చింది. తెల్లవారేసరికి పిల్ల చనిపోయింది. మిగతా గుడ్లు కూడా నిలువలేదు. పాప రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

పల్లె నుండి అవ్వ ఫోనులో కోప్పడింది. "కోడిపిల్లకైనా ఎప్పుడన్నా పెంకు ఒలిచినామా? అదే తన్నుకోని రావాల. మీకంత తొందరేంది?" తరువాత తెలిసికొన్నాము. పిల్ల ముందుగా గుడ్డు లావు కొనలోని గాలి అరలోకి ముక్కు పెట్టి ఊపిరి తీయడం నేర్చుకొంటుంది. ముక్కు మీద ఉండే చిన్న గట్టి మొనతో పెంకును చిట్లగొడుతుంది. ఈలోగా పెంకు కిందున్న పొర నరాలలోని నెత్తురంతా దాని ఒంట్లోకి చేరాలి, మిగిలిన పచ్చసొన కడుపులోకి ఇమిడిపోవాలి. అది ఆగిపోయిందని మనమనుకొనే గంటలలోనే ఆ పని జరుగుతుంది.

మూడోసారి గుడ్లు పెట్టినప్పుడు, "ముట్టుకోకుండా చూసి రాసుకో తల్లీ" అని పాపకు ఒక నోటుపుస్తకం కొనిచ్చాము. ఈ పిట్టలలో ఆడది, మగది వంతులవారీగా పొదుగుతాయి. వచ్చిన పిట్ట, లేచే పిట్ట గూటి దగ్గర కాసేపు ఒకదానికొకటి కూసుకొని, అప్పుడు స్థలం మారుతాయి. పాప గీతలు గీసి రాసింది. మగది ఎప్పుడు లేచింది, ఆడది ఎప్పుడు కూర్చుంది, గూట్లో ఎవరూ లేనిది ఎంతసేపు. చివరి వరుసలో ఎక్కడ చూసినా ఒక నిమిషం, రెండు నిమిషాలు, అంతే.

ఒక ఆదివారం గుడి నుండి వచ్చాక ఇద్దరమూ కూర్చుని ఆ పుస్తకం తిరగేశాము. వెనకవైపు పేజీలలో కూడా అవే గీతలు, అవే వరుసలు. పేర్లు మాత్రం వేరు. అమ్మ పోయింది, 5.20. నాన్న వచ్చినాడు, 6.50. ఎవరూ లేనిది, గంటన్నర. కింద మరునాడు, ఆ మరునాడు, అలా పందొమ్మిది రోజులు.

ఆ గంటన్నర పాప నిద్రలోనే ఉంటుందని మేము అనుకొన్నాము. తలుపుకు బయట తాళం వేసి, బస్సు ఎక్కి, నిశ్చింతగా ఉన్నాము. ఆమె రోజూ లేచి, లైటు వేసుకొని, పంజరం పక్కన కూర్చుని ఉండింది. "భయం వేస్తే చెప్పలేదేమమ్మా?" అంటే, "మీరు ఇద్దరూ ఒకేసారి ఇంట్లో ఉంటే కదా చెప్పేది" అన్నది. మా ఇద్దరిలో ఎవరికీ జవాబు రాలేదు. ఆ రెండేళ్ళలో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకొన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. చెప్పవలసినవన్నీ ఫ్రిజ్జు మీద చీటీలలోనే నడిచిపోయేవి.

మరుసటి వారమే షిఫ్టు మార్పు అడిగాము. రాత్రి భత్యం పోయింది, చీటీపాట ఒకటి మానుకోవలసి వచ్చింది. అవ్వ ఆవును తమ్మునికి అప్పగించి మా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఒకరు వచ్చాకనే ఇంకొకరు బయలుదేరుతాము. నడుమ పదిహేను నిమిషాలు దొరుకుతాయి. కాఫీ తాగుతూ పాప సంగతి, ఇంటి సంగతి చెప్పుకొంటాము.

మావలె షిఫ్టులకు పోయే తల్లిదండ్రులారా, మీ ఇంట్లో ఎవరూ లేని సమయం ఎంతో ఒకసారి కాగితం మీద రాసి చూడండి. మాకైతే అది పాప రాసి చూపించేవరకు కనబడలేదు.

మూడో ఈతలో అయిదు గుడ్లకు నాలుగు పిల్లలు వచ్చాయి. ఒకటి మురిగింది. కళ్ళు మూసుకొని, ఒంటిమీద నూగు తప్ప ఈకలు లేక, గింజంత ఉన్న ఆ పిల్లలు మూడు వారాలకు రెక్కలు వచ్చి గూడు దాటాయి. పాప ముందు పేజీలలో అన్నీ రాసింది. అవ్వ వచ్చిన రోజు నుండి వెనక పేజీలు ఖాళీగానే ఉన్నాయి.