బంతుల ఖర్చుకు కళ్లెం

మీ ఇంట్లో టెన్నిస్ నేర్చుకునే పిల్లలున్నారా? అయితే నా బాధ మీకు వేరే చెప్పక్కర్లేదు. రాకెట్ ఒకసారి కొంటే కొన్నాళ్లు పడుంటుంది. బంతులు అలా కాదే, పాలప్యాకెట్లలా కొంటూనే ఉండాలి. మా పాప కోచింగ్‌లో చేరిన కొత్తలో నెల తిరిగేసరికి పచారీ చీటీ పక్కన బంతుల చీటీ కూడా చేరింది. "ఇక చాల్లే, మాన్పించి షటిల్‌లో వేద్దాం" అన్నారు మావారు. ఈకల షటిల్ ఒక్క ఆట నిలిస్తే గొప్పని ఆయనకెవరు చెప్పాలి! పిల్లకేమో అప్పుడప్పుడే చెయ్యి కుదురుతోంది. బంతుల కోసం ఆట మాన్పించడానికి నాకు మనసొప్పలేదు. అసలీ బంతుల సంగతేమిటో చూద్దామని కొంగు బిగించాను.

కొత్త టిన్ను మూత లాగగానే 'ఫుస్స్'మంటుంది, గమనించారా? బంతిలో గాలిని ఒత్తిడితో నింపుతారు. ఆ గాలి రబ్బరులోంచి మెల్లగా బయటికి పోతూనే ఉంటుంది. అలా పోకుండా టిన్నులో కూడా ఒత్తిడి పెట్టి మూస్తారు. మూత తీశామా, ఇక ఆడినా ఆడకపోయినా బంతి డీలా పడాల్సిందే. వేయించిన అప్పడాల డబ్బా మూత తీసి వదిలేస్తే తిన్నా తినకపోయినా మెత్తబడతాయి చూడండి, అదే తంతు. అందుకే మా ఇంట్లో పాత బంతుల పని అయ్యేదాకా కొత్త టిన్ను తెరవకూడదు. సెలవులకి ఊరెళ్లే ముందు అసలే వద్దు.

గోడకేసి కొట్టుకోవడానికీ, సర్వీసు ప్రాక్టీసుకీ ప్రెషర్‌లెస్ బంతులని వేరే ఉన్నాయి. అవి లోపలి ఒత్తిడితో కాక మందపాటి రబ్బరుతోనే ఎగురుతాయి. చేతికి కాస్త గట్టిగా తగులుతాయి గానీ పైనున్న నూగు అరిగినా ఎగరడం మానవు. టిన్ను బంతులు మ్యాచీలకే. పదేళ్లలోపు పిల్లలకైతే మామూలు పసుపు బంతులు కొననే వద్దు. 2012 నుంచి ఆ వయసు పోటీల్లో వాటిని వాడకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమం. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ గుర్తులున్న మెత్తటి బంతులు వాళ్లకి. ఇంకో మాట. షాపువాడు "లైటా, హెవీయా?" అనడిగితే అవి గల్లీ క్రికెట్ బంతులని గ్రహించండి. చవగ్గా వచ్చాయి కదా అని టెన్నిస్‌కి తేకండి.

పెద్ద టోర్నమెంట్లలో మొదటి 7 గేములకీ, తర్వాత ప్రతి 9 గేములకీ బంతులు మార్చేస్తారు. వింబుల్డన్‌లో అలా వాడినవాటిని చూడ్డానికొచ్చినవాళ్లకి అమ్ముతారు కూడా. వాళ్లకి లేని నామోషీ మనకెందుకండీ? మా దగ్గరి క్లబ్బులో పోటీలు అవగానే నేను సంచి పట్టుకెళ్లి అడిగాను. తక్కువలో ఇచ్చారు.

అయితే అన్నీ పనికిరావు, ఏరుకోవాలి. స్టూలెక్కి, కుట్టుమిషను టేపుతో గోడ మీద 254 సెంటీమీటర్ల దగ్గర ఒక గీత, 135 దగ్గర ఇంకోటి గీయండి. బంతి అడుగుభాగం పై గీతకి ఆనించి గట్టి నేల మీదికి ఊరికే వదలండి, విసరకూడదు. అడుగుభాగం కింది గీత దాకా లేస్తే అది మ్యాచీకి పనికొచ్చే బంతే. కొత్త బంతికి పెట్టిన కొలత 135 నుంచి 147 మరి! కాస్త తగ్గితే ప్రాక్టీసు బుట్టలోకి. మా పాపకి ఆటకన్నా ఈ పరీక్షే ఇష్టం, ఆదివారం పొద్దున్నే స్టూలు లాక్కొస్తుంది.

చచ్చిన బంతిని వేడి చేస్తే బతుకుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆ హుషారు వేడి ఉన్నంతసేపే. వానలో తడిస్తే నీడన ఆరబెట్టండి చాలు.

బొత్తిగా ఎగరనివి కూడా నేను పారెయ్యను. గాటు పెట్టి కుర్చీ కాళ్లకి తొడిగితే గచ్చు మీద కీచుమనదు. ఒకటి మాత్రం మా అత్తగారిది. సాయంత్రం టీవీ చూస్తూ మడమ కింద వేసుకుని దొర్లిస్తారు, నొప్పికి హాయిగా ఉందట. దాన్ని బుట్టలో కలిపామో, ఇంట్లో పెద్ద గొడవే!