మా కత్తుల నోటుబుక్కు

మా హాస్టల్లో కత్తి ఉంచుకోవడం నిషేధం. పెన్సిలు చెక్కుకునే బ్లేడు వార్డెన్ సారు కంటపడినా అంతే సంగతులు. అలాంటి చోట మేము కత్తులు సేకరించామంటే మీకు నవ్వు రావచ్చు. మేము సేకరించింది కత్తుల్ని కాదు, వాటి బొమ్మల్ని.

దసరా సెలవులకు బాన్సువాడ బస్టాండులో విడిపోయేటప్పుడు ఒక మాట అనుకున్నాం. పండుగనాడు పనిముట్లన్నీ కడిగి పసుపు కుంకుమలు పెడతారు కదా! అప్పుడు ఇంట్లోని ప్రతి కత్తినీ కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీయాలి. పేరు, పని, ఎవరు వాడేదో కింద రాయాలి.

తిరిగొచ్చాక అన్నీ ఒకచోట పరిచాం. చూడగా చూడగా గుర్తుపట్టడం అలవాటైంది. లోపలి అంచున సన్నని పండ్లుంటే కక్కు కొడవలి, వరి కోతకు. పండ్లు లేకుండా బరువుగా ఉంటే కొమ్మలు నరికేది. తాళ్లు, ఈదులు గీసే కత్తి అంచు పలుచన. మడిచి జేబులో పెట్టుకునేవి రెండే దొరికాయి: మేకల కాపరి తాత చాకు, క్షవరం కత్తి. జేబుకత్తి అంటే 1897లో స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ పేటెంటు తీసుకున్నదే అనుకునేవాళ్లం. తాత చాకు చూశాక ఆ మాట మానేశాం.

చాలా కొడవళ్ల బొమ్మల కింద 'చూరులో దొరికింది' అని ఉంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద వరి ఇప్పటికీ పండుతోంది. కోతకు మాత్రం హార్వెస్టర్లు వచ్చాయి, కొడవళ్లు చూరెక్కాయి.

మాలో ఒకడు ఖాళీ కాగితం ఇచ్చాడు. "మా ఇంట్ల కత్తులు లేవు" అన్నాడు. మూడు రోజుల తర్వాత, రాత్రి చదువు అయ్యాక, మౌనంగా ఒక బొమ్మ తెచ్చి పెట్టాడు. పొట్టి పిడి, వెడల్పాటి వంపు అంచు. అది రంపె, తోలు కోసేది, వాళ్ల తాతది. పేరు రాయడానికి సిగ్గయిందన్నాడు.

ఎవరమూ నవ్వలేదు. ఎందుకంటే మాలో చాలామందిమి 'అమ్మ కూలికి పోయేటప్పుడు పట్టుకుపోయేది' అని రాయాల్సిన చోట 'వ్యవసాయ పనులకు' అని రాసి ఊరుకున్నాం. ఆ రాత్రి అందరం ఎవరి బొమ్మ వాళ్లం తీసి దిద్దుకున్నాం.

తర్వాత తెలిసిన సంగతి మరొకటి. మన పాత నిజామాబాదు జిల్లాలోనే కోనసముద్రం ఉంది. అక్కడ మూసల్లో కాచిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ పద్ధతి గురించి హెన్రీ వాయిసీ రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. ఉక్కు మన కమ్మరులది, కత్తికి వచ్చిన పేరు మాత్రం డమాస్కస్‌ది! అందుకే మా నోటుబుక్కులో ఒకటే నియమం: బొమ్మ ఎంత వంకరగా ఉన్నా సరే, అది ఎవరి చేతిదో తప్పక రాయాలి.

ఈ నోటుబుక్కు తమ్ముళ్లకు అప్పజెప్పి వెళ్తున్నాం. పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి: ఈసారి ఊరికి పోయినప్పుడు మీ ఇంటి చూరు ఒకసారి వెతకండి. ఒక్క బొమ్మ గీసి పంపండి. ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి.