“నీకేమీ జబ్బు లేదమ్మా”

ప్రభుత్వోద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఇల్లాలు మూడవసారి ఓపీకి వచ్చింది. అరికాళ్ళ మంటలు, గుండెదడ, ఒళ్ళంతా నొప్పులు. రక్తపరీక్షలు, ఈసీజీ సవ్యంగానే ఉన్నాయి. “నీకేమీ జబ్బు లేదమ్మా” అన్నాను. “ఇంట్లోనూ అదే అంటున్నారు బాబూ, దొంగ నొప్పులని” అని ఆమె వెళ్ళిపోయింది. భర్త తాగుడు, కూతురి పెళ్ళి అప్పు సంగతి తరువాత నర్సు చెప్పగా విన్నాను. నేను అడగనే లేదు.

ఇటువంటివారిలో దిగులు, ఆందోళన తరచుగా ఉంటాయి. అయినా ఆ నొప్పి నటన కాదు. మా రోజులలో హిస్టీరియా అని తేల్చేసేవాళ్ళం. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో ప్రచురించిన డీఎస్‌ఎం-5 ‘సొమటోఫార్మ్’ అన్న పేరునే తీసివేసింది. పరీక్షలలో ఏమీ తేలకపోవడం కాదు, బాధను గురించిన ఎడతెగని భయం, ఆలోచనలే ఇప్పుడు ముఖ్య లక్షణాలు. నొప్పి పెరిగినా తగ్గినా ఒకే వైద్యుడు క్రమం తప్పకుండా చూస్తూ ఉండటం వీరికి మేలు. మళ్ళీ ఎప్పుడు రావాలో ఆమెకు నేను చెప్పలేదు.